పత్తిసీమలో పెలాగ్రా: ఆదాయమునకును ఆరోగ్యమునకును గల సంబంధము

వ్యాధి శరీరమున కలుగునదే యైనను, అది ఏ శరీరమున కలుగవలెనో నిర్ణయించు కారణములు పెక్కుమార్లు శరీరమునకు వెలుపలనే యుండును. వైద్యగ్రంథములు ఒక వ్యాధికి సూక్ష్మజీవిని, మరియొక దానికి విటమిను లోపమును, వేరొక దానికి రక్తనాళముల సంకోచమును కారణముగా చూపుచున్నవి, అది సత్యమే. కాని అదే సూక్ష్మజీవి ఒక వీధిని పీడించి ప్రక్కవీధిని విడిచిపెట్టుటకును, అదే లోపము కూలివాని యింట కనబడి మేస్త్రీ యింట కనబడకుండుటకును హేతువేమని అడిగినచో, సమాధానమునకై కూలిరేట్లను, భూమిహక్కులను, అంగడిధరలను, ఇంటిలో ముందు తినువారెవరు, మిగిలినది తినువారెవరు అను ఆచారమును సైతము పరిశీలింపక తప్పదు. ఈ విషయమును గడపగడపకు తిరిగి లెక్కకట్టి నిరూపించిన తొలి పరిశోధనములలో ఒకటి, ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రముల పత్తిసీమలో పెలాగ్రా అను వ్యాధిని గూర్చి జరిగినది. ఆ చరిత్రయందు తెలుగునాటికిని ఒక అధ్యాయము కలదు గనుక దానిని కొంత విపులముగా తెలిసికొనుట యుక్తము.

పెలాగ్రాను ముందుగా బయటపెట్టునది చర్మము. ఎండ సోకు భాగములు, అనగా ముంజేతులు, పాదములు, ముఖము మొదట కమిలినట్లు ఎఱ్ఱబారి, పిదప నల్లబడి, గరుకెక్కి, పొట్టురేగి ఊడిపోవును; మెడచుట్టు ఈ మచ్చ హారము వేసినట్లు స్పష్టమైన అంచుతో ఏర్పడును. నోరు పూసి నాలుక ఎఱ్ఱబడును, అన్నము సహించదు, విరేచనములు పట్టుకొనును. వ్యాధి ముదిరినకొలది నిద్ర తొలగి, దిగులు ఆవరించి, మతి చలించి, చికిత్స లేనిచో రోగి మరణించును. 1735వ సంవత్సరమున స్పెయిను దేశపు ఆస్టూరియాస్ ప్రాంతమున గాస్పర్ కాసాల్ అను వైద్యుడు దీనిని మొట్టమొదట గుర్తించెను. ఆయన చూచిన రోగులందరును మొక్కజొన్నయే ప్రధానాహారముగా, మాంసము అపురూపముగా బ్రదుకు నిరుపేద రైతులు. ఆ మీదట ఉత్తర ఇటలీ పల్లెలను ఈ వ్యాధి తరతరములుగా పీడించెను.

మొక్కజొన్న అమెరికా ఖండమునుండి ఐరోపాకు వచ్చిన ధాన్యము. మెక్సికో దేశీయులు వేలయేండ్లుగా దానినే తినుచున్నను వారికి పెలాగ్రా రాలేదు. ఏలయన వారు ఆ గింజలను సున్నపునీట ఉడికించి, నానబెట్టి, ఆ పిమ్మట రుబ్బికొనుచుండిరి. మొక్కజొన్నయందు నియాసిన్ అను విటమిను లేకపోలేదు గాని, అది ఇతర పదార్థములతో పెనవేసికొని మన ప్రేవులకు అందని స్థితిలో ఉండును. సున్నము ఆ బంధమును విడిపించును. ఐరోపావారు గింజను కొనిపోయిరి గాని దానిని వండు విద్యను నేర్చికొనరైరి. అయినను కలిగినవాడు ఆ గింజతోపాటు పాలు, గ్రుడ్లు, మాంసము తినుచుండెను గనుక వానికి ఏ హానియు కలుగలేదు. ట్రిప్టోఫాన్ అను ఆమ్లము గల మాంసకృత్తులనుండి శరీరము తనకు కావలసిన నియాసిన్‌ను కొంతవఱకు తానే తయారుచేసికొనగలదు. మొక్కజొన్నతోపాటు మరేమియు దొరకనివాడే పెలాగ్రా పాలయ్యెను.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఈ వ్యాధి 1906లో అలబామాలోని ఒక మానసిక చికిత్సాలయమున గుంపుగా బయటపడి, కొలది యేండ్లలోనే అనాథాశ్రమములు, చెరసాలలు, నూలుమిల్లుల గ్రామములు, పత్తిరైతుల గుడిసెలు అన్నింటను వ్యాపించెను. ఆ పిమ్మటి మూడునాలుగు దశాబ్దములలో అచట సుమారు 30 లక్షల మంది దీనివాత బడి, లక్షమంది మరణించిరని అంచనా. సూక్ష్మజీవి సిద్ధాంతము నూతన విజయములతో వెలుగొందుచున్న దినములవి. కావున పెలాగ్రాయు అంటువ్యాధియేయని పండితులు తలచిరి. 1912లో దక్షిణ కరొలినా మిల్లు గ్రామములను పరిశీలించిన ఒక సంఘము, మురుగుపారుదల లేని యిండ్లలో వ్యాధి హెచ్చుగా నున్నదని చూచి, అది మనిషినుండి మనిషికి సోకునని అభిప్రాయపడెను. వంశపారంపర్యముగా దుర్బలులైనవారికే ఇది వచ్చునని చెప్పినవారును లేకపోలేదు. ఈ సిద్ధాంతముల ఫలితమును అనుభవించినవారు రోగులు: జనులు వారిని అంటుభయముతో దూరముగా నుంచిరి, కొన్ని ఆసుపత్రులు చేర్చుకొనుటకే నిరాకరించెను.

1914లో అమెరికా ప్రజారోగ్యశాఖ ఈ సమస్యను జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యునకు అప్పగించెను. ఆయన 1874లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమున యూదుకుటుంబమున జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులతో న్యూయార్కు నగరమునకు వలసవచ్చినవాడు. విషజ్వరములను గూర్చి పరిశోధించుచు తానే వాటికి గురియై బ్రదికినవాడు. దక్షిణ రాష్ట్రములలోని ఆశ్రమములను, చికిత్సాలయములను తిరిగి చూడగా, ఆయన దృష్టిని ఆకర్షించినది రోగులకంటె ముందు ఆరోగ్యవంతులు. మానసిక రోగులతో రాత్రింబగళ్లు మెలగు దాదులకు గాని, పరిచారకులకు గాని ఒక్కరికైనను పెలాగ్రా రాలేదు. అంటువ్యాధి యైనచో ఉద్యోగమును చూచి ఆగునా? భోజనశాలయందు పరిచారకులు తమకు కావలసిన మాంసమును, పాలను ముందుగా తీసికొనుచుండిరి. రోగుల పళ్లెములలోనికి వచ్చునది మొక్కజొన్న రొట్టె, మొక్కజొన్న జావ, చెరకుపానకము, కొంచెము పందికొవ్వు మాత్రమే.

మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ పట్టణమందలి అనాథాశ్రమములలో ఇంతకంటెను సూక్ష్మమైన విషయము కనబడెను. అచట ఆరేండ్లలోపు పసివారికి పెలాగ్రా దాదాపు లేదు. పండ్రెండేండ్లు పైబడినవారికి కొలదిగా మాత్రమే కలదు. నడుమ వయస్సు పిల్లలే దానికి ఎఱయగుచుండిరి. ఒకే కప్పు క్రింద, ఒకే గాలి పీల్చుచు, ఒకే బావినీరు త్రాగు పిల్లలలో ఈ భేదమేల? పసివారికని ఆశ్రమమువారు పాలు ఇచ్చుచుండిరి. పెద్దపిల్లలు పనిపాటలు చేయుదురు గనుక వారికి కొంత మాంసము లభించుచుండెను. పాలు త్రాగు ప్రాయము దాటియు పనిచేయు ప్రాయము రానివారు, సంస్థ దృష్టిలో ప్రత్యేకముగా పోషింపదగినవారు కాకపోయిరి. గోల్డ్‌బెర్గర్ ప్రభుత్వద్రవ్యముతో ఆ పిల్లలందరికిని పాలు, గ్రుడ్లు, చిక్కుళ్లు, మాంసము పెట్టించెను. పారిశుద్ధ్యమున గాని, వసతిలో గాని ఏ మార్పును చేయలేదు. మరుసటి యేటికి పెలాగ్రా ఆ ఆశ్రమములనుండి దాదాపు తొలగిపోయెను.

ఆహారమార్పుచేత వ్యాధి తగ్గుట ఒకటి, ఆహారలోపముచేత వ్యాధి పుట్టుట మరియొకటి గనుక, 1915లో మిసిసిపీలోని ర్యాంకిన్ చెరసాల క్షేత్రమున, విడుదల చేయుదునని గవర్నరు మాటయిచ్చిన మీదట ఒప్పుకొన్న ఖైదీలకు పత్తిసీమ పేదల తిండినే కొన్ని నెలలు పెట్టిరి. పదునొకండుగురిలో ఆరుగురికి పెలాగ్రా వచ్చెను. చెరసాలనుండి బయటపడుటకై వ్యాధిని కొనితెచ్చుకొనుటకు ఒప్పుకొన్న ఆ మనుష్యుల సమ్మతిని స్వేచ్ఛాసమ్మతిగా నేటి వైద్యనీతి అంగీకరింపదు. ఈ జ్ఞానమునకు వారు చెల్లించిన మూల్యమును మనము మరువరాదు. అంతటితోనైనను అంటువ్యాధివాదులు శాంతింపలేదు. 1916లో గోల్డ్‌బెర్గర్ పెలాగ్రా రోగుల రక్తమును తన సహచరుని భుజమునకు సూదితో ఎక్కించి, తానును ఎక్కించుకొనెను; రోగుల ముక్కులనుండి, గొంతులనుండి దూదితో అద్దిన స్రావమును తమ ముక్కులకు, గొంతులకు పూసికొనిరి; వారి చర్మపు పొలుసులను, మలమూత్రములను పిండితో కలిపి ఉండలుచేసి మ్రింగిరి. ఆయన భార్య మేరీయు రోగిరక్తమును తన శరీరమునకు ఎక్కించుకొనెను. వారిలో ఒక్కరికిని పెలాగ్రా రాలేదు.

ఇంతవఱకు సిద్ధించినది ఆహారకారణము. కాని మంచి ఆహారము ఎఱుగక తినకున్నారా, ఎఱిగియు దొరకక తినకున్నారా అను ప్రశ్న మిగిలియుండెను. దీనిని విడదీయుటకు గోల్డ్‌బెర్గర్‌కు తోడైనవాడు ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అను ఆర్థికశాస్త్రవేత్త; ప్రసిద్ధ నవలాకర్త్రి పెర్ల్ బక్‌కు అన్నగారు. 1916లో వీరు దక్షిణ కరొలినాలోని ఏడు నూలుమిల్లు గ్రామములను ఎన్నుకొనిరి. నాలుగువేలకు పైబడిన జనులు ఉన్న ఆ గ్రామములలో పరిశోధకులు రెండువారముల కొకసారి ప్రతి గడపయు త్రొక్కి, చేతులపైని మెడపైని మచ్చలను వెదకిరి; పదునైదు దినములలో ఆ యింటికి కంపెనీ దుకాణమునుండి, అంగడినుండి, పెరటినుండి వచ్చిన పిండి, పాలు, మాంసము, కూరగాయలు ఎంతెంతయో వ్రాసికొనిరి; ఇంటి ఆదాయమును లెక్కించి, తినువారి వయస్సులను బట్టి పంచి చూచిరి. వైద్యుడు జబ్బును, అర్థశాస్త్రజ్ఞుడు జమాఖర్చును ఒకే గుమ్మమున ఒకేసారి పరిశీలించుట ఆనాటికి అపూర్వము.

ఫలితములు నిస్సంశయముగా నుండెను. ఆదాయము ఒక్కొక్క మెట్టు దిగినకొలది పెలాగ్రా ఒక్కొక్క మెట్టు ఎక్కెను. అట్టడుగు వర్గమునకును పైవర్గమునకును గల భేదము ఒకటి రెండు రెట్లు గాక ఎన్నో రెట్లుగా తేలెను. పారిశుద్ధ్యముతో వ్యాధికి అటువంటి స్థిరసంబంధము కనబడలేదు. ఆదాయములు ఇంచుమించు సమానముగా నున్న గ్రామముల నడుమను భేదము లేకపోలేదు. చుట్టుప్రక్కల రైతులు కూరగాయలు, పాలు, మాంసము తెచ్చి అమ్ము గ్రామము సురక్షితముగా నుండగా, నలువైపుల పత్తితప్ప మరేమియు పండని గ్రామమున చేతిలో డబ్బున్నను కొనుటకు మంచి సరకు లేకపోయెను. ఆవు గల యిల్లు చాలవఱకు రక్షణ పొందెను. వసంతకాలమున, అనగా శీతకాలపు నిలువలు అయిపోయి క్రొత్త కూరలు ఇంకను చేతికి రాని దినములలో, వ్యాధి విజృంభించెను. ఇంటిలో పురుషులకంటె నడివయస్సు స్త్రీలకే అది హెచ్చుగా వచ్చెను; ఉన్న కొద్దిపాటి మాంసమును సంపాదించు మగనికి, పాలను బిడ్డలకు పెట్టి, మొక్కజొన్న రొట్టెతో సరిపెట్టుకొన్న తల్లుల శరీరములపై ఆ త్యాగము మచ్చలుగా తేలెను.

పత్తిసీమ వ్యవసాయపద్ధతి ఈ దుస్థితిని స్థిరపఱచుచుండెను. అచటి నల్లవారిలోను పేద తెల్లవారిలోను అధికసంఖ్యాకులు భూమి లేక కోరుకు సాగుచేయువారు. విత్తనములు మొదలు తిండిగింజల వఱకు భూస్వామివద్దనో వర్తకునివద్దనో అప్పు తెచ్చి, పత్తి అమ్మి తీర్చువారు. అప్పిచ్చువాడు పత్తినే హామీగా కోరును గనుక గుడిసె గడప వఱకు పత్తియే వేయవలసివచ్చెను. కూరపాదుకు గాని, ఆవు మేయుటకు గాని జాగా మిగులలేదు. 1920లో పత్తిధర మిక్కిలి పెరిగి, అదే సంవత్సరాంతమునకు సగమునకంటెను దిగజారెను. ఇక పెలాగ్రా పెచ్చుపెరుగునని గోల్డ్‌బెర్గర్ హెచ్చరింపగా, 1921లో అధ్యక్షుడు హార్డింగ్ సహాయకార్యములకు పిలుపునిచ్చెను. దక్షిణరాష్ట్రముల నాయకులలో పలువురు దానిని తమ సీమకు అవమానముగా భావించి, తమ ప్రాంతమున కరవు లేదని ప్రకటించి సహాయమును తిరస్కరించిరి. తమ జనుల ఆకలిని అంగీకరించుటకంటె దాచుటయే గౌరవమని పాలకులు తలచిన సందర్భములు చరిత్రయందు అరుదు కాదు. దానికి ప్రాణములతో వెలచెల్లించువారు మాత్రము ఎల్లప్పుడును బీదవారే.

1927లో మిసిసిపీ నది పొంగి లక్షలాది ఎకరములు ముంచగా, గోల్డ్‌బెర్గరును సైడెన్‌స్ట్రికరును ఆ ప్రాంతమున పర్యటించి, తక్షణోపశమనమునకు ఎండబెట్టిన ఈస్టును పంచుమని సూచించిరి. రెడ్‌క్రాస్ సంఘము దానిని పంచి అనేకులను రక్షించెను. కాని ఒంటిపంట పద్ధతియు, కౌలుదారుని అప్పుల బంధమును తొలగనిదే వ్యాధి మూలము తొలగదని వారు స్పష్టముగా వ్రాసిరి. పెలాగ్రాను నివారించు ఆహారద్రవ్యము ఏదియో తెలియకుండగనే 1929లో గోల్డ్‌బెర్గర్ మరణించెను. 1937లో కాన్‌రాడ్ ఎల్వెహ్‌జెమ్ నికొటినిక్ ఆమ్లమే, అనగా నియాసినే, ఆ ద్రవ్యమని కుక్కలలోని ఇట్టి వ్యాధిని మాన్పి నిరూపించెను. 1940 దశకమున రొట్టెపిండికి దానిని చేర్చుట ఆరంభమయ్యెను. ఉద్యోగములును, కూలియు మెరుగుపడెను. పెలాగ్రా అమెరికానుండి తొలగెను. ఆర్థికచరిత్రకారులు ఇటీవల పరిశీలింపగా మరియొక విచిత్రసత్యము బయటపడినది: మెక్సికోనుండి వచ్చి పత్తికాయలను తొలుచు పురుగు పైరును నాశనముచేసిన జిల్లాలలో రైతులు పత్తిని తగ్గించి తిండిపంటలు వేసికొనగా, అచట పెలాగ్రా మరణములు తగ్గినవట. భూస్వామి మార్చనొల్లని పంటను పురుగు మార్చెను. మందు లేకుండగనే ప్రాణములు నిలిచెను.

ఇక తెలుగునాటి అధ్యాయము. 1918లో కూనూరులో ఆరంభమైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధికెక్కినది. ఆ సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు, దక్కను పీఠభూమిలో, మొక్కజొన్న గాక జొన్నలు తినువారికిని పెలాగ్రా వచ్చుచున్నదని గమనించి 1960లో ప్రకటించిరి. జొన్నయందు ల్యూసిన్ అను ఆమ్లము అధికముగా నుండి, శరీరము ట్రిప్టోఫాన్‌ను నియాసిన్‌గా మార్చుకొను క్రియను చెఱచుచున్నదని వారి సిద్ధాంతము. దానిపై శాస్త్రలోకమున చాలకాలము చర్చ సాగినది. ఈ రసాయనిక వాదము ఎట్లున్నను, రోగులెవరను విషయమున చర్చకు తావులేదు. వారు తెలంగాణ పల్లెల రైతుకూలీలు, జీతగాండ్రు. కూలిగా కొలిచిన జొన్నలనే గటకగానో, అంబలిగానో, రొట్టెగానో చేసికొని కారముతో, ఉప్పుతో తినువారు. అదే ఊరిలో అదే చేని జొన్నను పప్పుతో, పెరుగుతో, అప్పుడప్పుడు మాంసముతో తిను ఆసామి యింట ఈ వ్యాధి కానరాదు. కావున దోషము జొన్నది కాదు. జొన్నప్రక్కన ఏమియు లేకుండుటయే దోషము.

పిమ్మటి దశాబ్దములలో జొన్న విస్తీర్ణము తగ్గి, 1983లో కిలో 2 రూపాయలకు బియ్యము ఇచ్చు పథకము వచ్చి, బీదల కంచములోనికి అన్నము ప్రవేశించినకొలది పెలాగ్రా మన ఆసుపత్రులలో అరుదైనది. చౌకధరల దుకాణము ఒక వ్యాధిని తగ్గించుటలో పాలుపంచుకొన్నదనుట ఆశ్చర్యము కాదు. కాని అన్నము ఒక్కటియే నిండిన కంచము సమతులాహారము కాజాలదు. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు చేరనంతవఱకు ఒక లోపము పోయిన చోట వేరొకటి, ముఖ్యముగా రక్తహీనత, నిలిచియే యుండును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన ఎత్తు ఎదుగనివారు అత్యంత నిరుపేద వర్గమున నూటికి 46 మంది కాగా, అత్యంత సంపన్నవర్గమున 23 మంది. మిల్లుగ్రామముల పట్టికలోని మెట్లే ఇచటను కనబడుచున్నవి.

ఈ మెట్లు ఆకలితో ముగియునవి కావు. లండను ప్రభుత్వ కార్యాలయములలో 1967లో ఆరంభమై సుమారు 17,500 మంది పురుషోద్యోగులను అనుసరించిన పరిశోధనమున మైకేల్ మార్మట్ మొదలైనవారు చూపినదేమనగా, గుండెజబ్బువలన మరణము ఉన్నతాధికారులకంటె అట్టడుగు ఉద్యోగులలో సుమారు మూడురెట్లు. నడుమ తరగతులవారిది నడుమ స్థానము. వారెవ్వరును ఆకలిగొన్నవారు కారు. అందరికిని ఉచితవైద్యము కలదు. పొగత్రాగుట, రక్తపుపోటు, కొవ్వు మొదలగువాటిని లెక్కలోనికి తీసికొన్నను ఈ భేదములో చాలభాగము మిగిలిపోయెను. తన పనివేగముపై తనకే అధికారము లేకుండుట, కష్టమునకు తగిన గుర్తింపు దొరకకుండుట, రేపటి భద్రతను గూర్చిన ఎడతెగని చింత, ఇవి శరీరమున కార్టిసాల్ వంటి స్రావములను క్రమము తప్పించి, రక్తనాళములను కాలక్రమమున చెఱచునని తదనంతర పరిశోధనములు సూచించుచున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో నియమించిన సంఘము 2008లో సమర్పించిన నివేదికలో, మనుష్యులు పుట్టి, పెరిగి, పనిచేసి, వృద్ధులగు పరిస్థితులను మార్చుటయే ఆరోగ్యసమత్వమునకు మార్గమని నిర్ణయించినది.

గోల్డ్‌బెర్గర్, సైడెన్‌స్ట్రికరుల పనినుండి మనము నేర్వవలసిన పద్ధతి సరళమైనది. ఒక ప్రాంతమున ఒక వ్యాధి హెచ్చినప్పుడు, రోగుల సంఖ్యతోపాటు వారు ఏ పనిచేయువారు, ఏ నెలలో రోగులైరి, ఆ నెలలో వారి యింటికి వచ్చిన ఆదాయమెంత, అంగడిలో పప్పు ధర ఎంత, ఇంటిలో చివర తిన్నవారెవరు అను ప్రశ్నలను వేసి, ఆ జవాబులను వ్రాసియుంచవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు చీటీలో జ్వరమునకు చోటున్నట్లే జీవనోపాధికిని చోటుండవలెను. మందు ఇచ్చుట వైద్యుని ధర్మము; ఆ విషయమున ఆలస్యము తగదు, ఈస్టు పంచిన గోల్డ్‌బెర్గరు సైతము సంఘసంస్కరణమునకై వేచియుండలేదు. కాని కనీసవేతనమును నిర్ణయించు అధికారియు, రేషను దుకాణమున బియ్యముతో పప్పును చేర్చునో లేదో తేల్చు మంత్రియు, బడి మధ్యాహ్నభోజనమున గ్రుడ్డునకు డబ్బు కేటాయించు శాసనసభయు, కౌలురైతునకు అప్పు దొరకు మార్గమును ఏర్పఱచు బ్యాంకును, తాము ప్రజల ఆరోగ్యమును నిర్ణయించుచున్నామని గ్రహించి, తమ నిర్ణయములవలన ఎందరు రోగులైరి, ఎందరు స్వస్థులైరి అను లెక్కకు ఏటేట ప్రజలయెదుట బాధ్యత వహింపవలెను. ఆ లెక్క అడుగుట ప్రజల హక్కు. అడుగనంతకాలము వ్యాధులు వచ్చునవి ఏ యిండ్లకో ముందుగనే చెప్పవచ్చును.